సీసంలో ఇమడని గొలుసుకట్టు

ఇంట్లో పెళ్ళి శుభలేఖ ఉంటే ఇంగ్లీషు వైపు తిప్పి చూడండర్రా. వధూవరుల పేర్లు ఒక పక్కకి వాలి ఉంటాయి. ఒక అక్షరం తోక పక్క అక్షరాన్ని అందుకుంటుంది. కిందికి దిగే గీత లావు, పైకి ఎక్కే గీత వెంట్రుకంత సన్నం. ఈ తరహా టైపుల్లో పేరున్నదాన్ని ‘స్నెల్ రౌండ్‌హ్యాండ్’ అంటారు. ఇవాళ దాని కబుర్లు చెబుతాను.

స్నెల్ ఒక మనిషి. పూర్తి పేరు ఛార్లెస్ స్నెల్, 1667లో పుట్టాడు. లండన్‌లో దస్తూరి నేర్పే పంతులు, లెక్కల్లోనూ ఘనుడు. 1720లో సౌత్ సీ కంపెనీ షేర్లు కుప్పకూలి దేశమంతా గగ్గోలెత్తింది. ఆ వ్యవహారంతో సంబంధమున్న ఒక వ్యాపార సంస్థ ఖాతాలు తనిఖీ చేసి 1721లో నివేదిక రాసింది ఈయనే. రౌండ్‌హ్యాండ్ అనే ఈ గొలుసుకట్టు దస్తూరి ఎవరి అవసరానికి పెరిగిందో దీన్నిబట్టే తెలుస్తుంది. అది చిట్టా ఆవర్జాల రాత. గుమాస్తా వేగంగా రాయాలి, కలం మాటిమాటికీ కాగితం మీంచి లేవకూడదు, ఇంకో ఊళ్ళో ఇంకో గుమాస్తా తడుముకోకుండా చదవాలి. శుభలేఖల మీదికి ఆ తర్వాత ఎక్కింది.

ఇక లావూ సన్నం సంగతి. ఆ రోజుల్లో బాతు ఈకను చెక్కి, మొన చీల్చి రాసేవారు. గీత కిందికి లాగుతూ నొక్కితే చీలిక పాయలు రెండూ విడతాయి, సిరా వెడల్పుగా పరుచుకుంటుంది. పైకి వెళ్ళేటప్పుడు ఒత్తిడి తీసేస్తే పాయలు మళ్ళీ దగ్గరపడతాయి, గీత సన్నబడుతుంది. సిరా ఒక్కసారిగా బొట్టు కారిపోకుండా ఆ ఇరుకు చీలికలో నిలబెట్టేది కేశనాళికా చర్య. మన గంటంతో ఈ ఆట కుదరదు. తాటాకు మీద ఎంత నొక్కినా గాడి లోతెక్కుతుందేగానీ పెద్దగా వెడల్పవదు.

ఇలాంటి రాతను అచ్చులోకి తేవడం ఎంత కష్టమో చూడండి. సీసపు టైపులో ఒక్కో అక్షరానికి ఒక్కో దిమ్మ. కంపోజిటర్ వాటిని ఇటుకలు పేర్చినట్టు పేర్చాలి. నిటారు అక్షరాలకు ఇబ్బంది లేదు. వాలిన అక్షరం తల మాత్రం తన దిమ్మ దాటి పక్కదాని మీదికి వెళ్ళాలి. అలా వేలాడే ముక్కకు కింద ఆధారం ఉండదు. సీసంలో తగరం, యాంటిమొనీ కలిపి గట్టిపరిచినా ప్రెస్సు ఒత్తిడికి అది పుటుక్కున విరిగేది. 19వ శతాబ్దం మొదట్లో పారిస్‌లో ఫిర్మిన్ దిదో దిమ్మనే ఏటవాలుగా పోతపోయించాడు. చాలా తెలివైన పని! అయినా వెంట్రుకంత గీత ఒక దిమ్మ మీంచి ఇంకోదాని మీదికి సాగేచోట ఏ కాస్త అరుగుదల ఉన్నా అతుకు బయటపడుతుంది.

అప్పుడు కాంతి సాయానికొచ్చింది. 1965లో మాథ్యూ కార్టర్ అనే టైపు రూపకర్త న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని మెర్గెంథాలర్ లైనోటైప్ కంపెనీలో చేరాడు. 1937లో లండన్‌లో పుట్టినవాడు. కుర్రతనంలో నెదర్లాండ్స్‌లోని హార్లెం వెళ్ళి, ఉక్కు మీద అక్షరాలను చేత్తో చెక్కడం నేర్చుకున్నాడు. లోహం ఎక్కడ మొరాయిస్తుందో వేళ్ళకు తెలిసిన మనిషన్నమాట. కంపెనీ అప్పుడు ఫొటో టైప్‌సెట్టింగ్ యంత్రాలు చేస్తోంది. అందులో అక్షరం పారదర్శకమైన బొమ్మ. దాని గుండా కాంతి మెరిసి, లెన్సు దాటి, ఫొటో కాగితం మీద పడుతుంది. కాంతికి దిమ్మ ఉండదు కదా! ఒక అక్షరం చివర మీద రెండోదాని మొదలు పడినా నలుపులో నలుపు కలిసిపోతుంది. సీసానికి లొంగనిదేదో దాన్నే చేసి చూపాలని కార్టర్ స్నెల్ దస్తూరిని ఎంచుకున్నాడు. ఆయన పనుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఈ ఎంపికే.

యంత్రం వెసులుబాటు ఇచ్చినంత మాత్రాన పని తేలికైపోలేదు. ఇంగ్లీషు చిన్న అక్షరాలు 26. ఏ అక్షరం పక్కన ఏదైనా రావచ్చు, అంటే 676 జతలు. అన్నీ అతుకు తెలియకుండా కలవాలంటే బయటికి వెళ్ళే గీతలు ఒకే ఎత్తులో, ఒకే వాలుతో ముగియాలి, లోపలికి వచ్చేవి అక్కడే అందుకోవాలి. ఓ, వీ, డబ్ల్యూ లాంటివి రాతలో పైనే ముగుస్తాయి, వాటితో మరీ తంటా.

తర్వాత అక్షరాల అంచులు కంప్యూటర్లో గణిత వక్రరేఖలయ్యాయి. వాటికి రెనో కార్ల కంపెనీ ఇంజనీరు పియేర్ బెజియే పేరే ఉంది. కారు వంపులకు వాడిన లెక్కే ఇక్కడా పనికొచ్చింది. దానితో రిచర్డ్ లిప్టన్ గీసిన ఇదే తరహా టైపు ‘బికమ్ స్క్రిప్ట్’ను అడోబీ 1997లో తెచ్చింది.

మీరెప్పుడైనా ఈ టైపులు వాడితే అక్షరాలు పెద్దవిగా పెట్టండి. చిన్న సైజులో సన్నగీతలు మాయమై, లావు గీతలు మాత్రం ముక్కలుముక్కలుగా మిగులుతాయి. పేరంతా పెద్దబడి అక్షరాల్లో కొట్టకండి. అవి మాట మొదట ఒంటరిగా నిలబడటానికి గీసినవి, పక్కపక్కన పెడితే వంపులు ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి. కంప్యూటర్ తెర మీద చిన్న అక్షరాలు చదివించాలంటే కార్టరే గీసిన వెర్డానా ఉంది. దాన్ని మైక్రోసాఫ్ట్ 1996లో విడుదల చేసింది. అప్పటి తెరల చుక్కలు గరుకు, సన్నగీత వాటి మీద నిలిచేది కాదు. అందుకని అందులో గీతలు దిట్టంగా పెట్టి, ఏ అక్షరమూ పక్కదాన్ని తాకకుండా ఎడం ఉంచాడు.