గోదావరిఖని నుండి రూర్ దాకా: రైలు దారిలో ఇద్దరు గని మిత్రులు

ఇల్లు చూసుకునే ముందు పొరుగును, దారి పట్టే ముందు తోడును చూసుకోవాలన్న సామెత అరబ్బులలో ఉంది. బొగ్గు బాయిలో దిగినవారికి ఈ సంగతి ఏ సామెతా నేర్పనక్కరలేదు. తలపైనున్న కప్పు ఎప్పుడు కూలుతుందో ముందుగా పసిగట్టి చేయి పట్టి లాగేవాడు పక్కనున్న మనిషే. మేము, మా మిత్రుడు 1980ల తొలినాళ్ళలో ఒకే నెలలో గోదావరిఖనిలో బదిలీ ఫిల్లర్లుగా చేరాము. తట్టా చెమ్మసుతో మొదలైన బతుకు. తరువాత ఆయన పరీక్ష రాసి మైనింగ్ సర్దార్ అయ్యారు. మేము హాలేజీ ఇంజను దగ్గర స్థిరపడ్డాము. ఆయన హిందూ సోదరుడు. ఈద్ నాడు మా ఇంటి షీర్ ఖుర్మా ముందుగా చేరేది వారి క్వార్టరుకు. సంక్రాంతికి వారింట చుట్టిన సకినాలు ముందుగా వచ్చేది మా ఇంటికి.

నలభై ఏళ్ళ ఈ స్నేహంలో మేమిరువురం కలిసి చేసిన అతి పొడవైన రైలు ప్రయాణం రామగుండం నుండి నాగపూరు వరకే. ఉద్యోగ విరమణ తరువాత ఆయనకు మెట్లెక్కితే ఆయాసం రావడం మొదలైంది. బాయి దుమ్ము మనిషితో పాటు రిటైరు కాదు. కాళ్ళు మోసినన్నాళ్ళలోనే ఒకసారి బయటి లోకం చూడాలని, అదీ బొగ్గు తవ్విన లోకమే చూడాలని ఆయన పట్టుపట్టారు. యూరప్ వెళ్ళి పాడుబడ్డ గనులు చూస్తారా అని ఇంట్లో అందరూ నవ్వారు. ఈఫిల్ టవర్ ఫోటోలో చూసినా చాలునని ఆయన సమాధానం.

మా పెద్దబ్బాయి ఫ్రాంక్‌ఫర్టులో కొలువు చేస్తున్నందున ఆహ్వానపత్రం సులభంగానే దొరికింది. షెంగెన్ వీసాకు వేలిముద్రలు హైదరాబాదులోనే ఇవ్వవచ్చు. కనీసం 30,000 యూరోల వైద్యబీమా తప్పనిసరి. ఆ ఒక్క వీసాతో జర్మనీ, బెల్జియం, ఫ్రాన్సు మూడూ చూడవచ్చు. యూరప్ వెలుపలివారి కోసం యూరేల్ పాసు ఉంది. 60 ఏళ్ళు నిండినవారికి అందులో 10 శాతం తగ్గింపు. అయితే పాసు చేతిలో ఉన్నా కొన్ని వేగపు రైళ్ళలో, ముఖ్యంగా ఫ్రాన్సులో, సీటుకు వేరుగా రుసుము కట్టాలి. పెద్ద వయసువారు ప్రయాణపు రోజులు ఎక్కువ పెట్టుకోకుండా ఒక ఊరిలో మూడు నాలుగు రాత్రులు ఉండి చుట్టుపక్కలకు పోయి రావడం మేలు. మేము ఎసెన్ నగరంలో అలాగే ఉన్నాము.

నమాజు విషయంలో మన సోదరులు చాలామంది అడుగుతుంటారు. ప్రయాణికునికి షరీఅత్ ఇచ్చిన ఖస్ర్ సౌలభ్యం ఎంత విలువైనదో ఇలాంటి చోటనే తెలిసివస్తుంది. మన ఊళ్ళో ఖిబ్లా పడమటి దిక్కు, జర్మనీలో ఆగ్నేయం. మా మిత్రుడు సర్దారు గనుక దిక్కులు, కొలతలు ఆయనకు అలవాటు. ప్రతి బసలోనూ గదిలోకి అడుగు పెట్టగానే ఫోనులోని దిక్సూచి చూసి, “భాయ్, మీ దిక్కు ఇటు” అని కుర్చీ జరిపి చోటు చేసేవారు. ఎండాకాలంలో అక్కడ రాత్రి పదింటి దాకా వెలుతురే; ఇషా కోసం మేము మేలుకొని ఉంటే ఆయనా మేలుకొని ఉండేవారు. తిండికి ఇబ్బంది పడలేదు. ప్రతి పెద్ద స్టేషను దగ్గరా తుర్కీవారి దుకాణాలున్నాయి, హలాల్ అని రాసి ఉంటుంది. ఆ దుకాణాలు అక్కడికి ఎలా వచ్చాయన్నదే మా ప్రయాణంలో సగం కథ.

ఫ్రాంక్‌ఫర్టు నుండి కొలోన్ వరకు దాదాపు 180 కిలోమీటర్లు. రైలు 300 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంటుంది. మన రామగుండం నుండి కాజీపేట చేరేంత సమయంలో దిగిపోయాము. స్టేషను బయట అడుగు పెడితే ఎదురుగా కొలోన్ చర్చి, 157 మీటర్ల జంట శిఖరాలతో. 1965 ఫిబ్రవరి 3న, ఈదుల్ ఫిత్ర్ నాడు, ఈ చర్చి ఉత్తర భాగంలో కొన్ని వందల మంది తుర్కీ కార్మికులు పండుగ నమాజు చేశారు. పరాయి నేలపై అంతమంది కలిసి నిలబడే చోటు వారికి అప్పుడు లేదు. అడిగితే చర్చివారు కాదనలేదు.

ఆ కార్మికులు రైలులోనే వచ్చారు. 1961 అక్టోబరు 30న జర్మనీ, తుర్కీ దేశాల మధ్య ఒప్పందం కుదిరింది. ఇస్తాంబుల్‌లో జర్మన్ వైద్యులు పళ్ళు, కండరాలు, రక్తం పరీక్షించి ఎంపిక చేసేవారు. సిర్కెజి స్టేషనులో ఎక్కినవారు రెండు మూడు రోజుల తరువాత మ్యూనిక్‌లో 11వ ప్లాట్‌ఫారం మీద దిగేవారు. ఆ ప్లాట్‌ఫారం కింది బంకరులో కాస్త తిండి పెట్టి, పేర్లు పిలిచి, ఎవరు ఏ గనికి, ఎవరు ఏ కర్మాగారానికి అన్నది పంచేవారు. తొలి ఒప్పందంలో గడువు రెండేళ్ళే. 1973 నవంబరులో జర్మనీ కొత్త నియామకాలు ఆపివేసింది. వెళితే మళ్ళీ రానివ్వరన్న భయంతో ఉన్నవారు ఉండిపోయి, భార్యాబిడ్డలను పిలిపించుకున్నారు.

ఎసెన్‌లో 107 నంబరు ట్రాము ఎక్కితే జోల్‌ఫెరైన్ గని. 12వ షాఫ్టు మీది ఎర్రటి ఇనుప కట్టడం 1932లో పూర్తయింది. రోజుకు 12,000 టన్నుల బొగ్గు పైకి తెచ్చేది. ఇప్పుడది యునెస్కో వారసత్వ స్థలం, 2001 నుండి. బొగ్గు కడిగిన భవనంలో మ్యూజియం పెట్టారు. కన్వేయరు బెల్టులు నడిచిన చోట బడిపిల్లలు వరుసగా నడుస్తున్నారు. అక్కడి పలకపై గని మూసిన తేదీ చదివి మా మిత్రుడు చాలాసేపు కదలలేదు: 1986 డిసెంబరు 23. సింగరేణి కంపెనీ ఏర్పడినది 1920 డిసెంబరు 23. మన కోల్‌బెల్టులో ప్రతి ఏటా ఆ రోజు జెండా ఎగురవేసి, సభలు పెట్టి, పండుగ చేసుకుంటాము. అదే తేదీన ఇక్కడి మనుషులు క్యాప్‌ల్యాంపులు అప్పగించి ఇంటికి వెళ్ళారు.

మరునాడు పది నిమిషాల రైలు దూరంలోని బోహుమ్‌కు వెళ్ళాము. అక్కడి జర్మన్ గని మ్యూజియం అడుగున, నేలకు 20 మీటర్ల లోతున, సందర్శకుల కోసం కట్టిన నమూనా గని ఉంది. లోపలికి దిగగానే ఆయనకు వెనకటి అలవాటు వచ్చేసింది. చేతికర్ర పైకెత్తి కప్పును రెండు చోట్ల తట్టి, చెవి పెట్టి విన్నారు. గని తెలిసినవారికి అర్థమవుతుంది: గట్టి కప్పు గణగణమంటుంది, విడిన కప్పు బోలుగా పలుకుతుంది. తరువాత ఆయన మా వైపు తిరిగి, “ఈ కప్పు కింద ఎవ్వరూ పని చెయ్యలే భాయ్” అన్నారు. నిజమే. అది చూపడానికి కట్టినదే గాని బొగ్గు తీసినది కాదు. పక్కనే ఉన్న గైడు ఈ మాట అనువదించుకుని విని ఆయన చేయి కలిపాడు.

జర్మనీలో చివరి గట్టి బొగ్గు గని ప్రోస్పర్-హానియెల్ 2018 డిసెంబరు 21న మూతపడింది. ఆఖరి బొగ్గు ముద్దను కార్మికులు దేశాధ్యక్షుడు స్టైన్‌మైయర్ చేతిలో పెట్టారు. అక్కడితో ఖర్చు ఆగలేదు. నూటయాభై ఏళ్ళు తవ్విన నేల కొన్నిచోట్ల 20 మీటర్లకు పైగా కుంగింది. పంపులు ఆపితే రూర్ ప్రాంతంలో చాలా భాగం చెరువై పోతుంది. కాబట్టి నీటిని తోడుతూనే ఉండాలి, ఎన్నేళ్ళని లేదు, ఎప్పటికీ. దాని కోసమే 2007లో ఆర్‌ఏజీ ఫౌండేషన్ ఏర్పరచారు. గనుల కంపెనీ ఆస్తులను దానికి అప్పగించి, ఆ రాబడితో పంపుల ఖర్చు భరించే ఏర్పాటు చేశారు. గనులు నడుస్తుండగానే, మూసివేతకు పదకొండేళ్ళ ముందు.

రామగుండం చుట్టూ ఓపెన్‌కాస్టు గోతులను, మట్టి గుట్టలను చూస్తూ ఉండే మనకు ఈ వివరం చిన్నది కాదు. సింగరేణిలో ఒకప్పుడు లక్షకు పైగా కార్మికులుండేవారు. నేడు నలభై వేల చుట్టూ ఉన్నారు. మన ఇళ్ళలో సాయంత్రపు చర్చ ఇప్పటికీ పిల్లవాడికి వారసత్వ ఉద్యోగం వస్తుందా రాదా అన్నదే. ఆఖరి బొగ్గు తీసిన తరువాత ఈ గోతుల నీరు ఎవరు చూస్తారన్న చర్చ కూడా మన బస్తీలలో జరగాలని మా అభిప్రాయం. అది పెద్ద ఆఫీసుల పని అని వదిలేయదగినది కాదు.

డూయిస్‌బుర్గ్ నగరంలో 903 నంబరు ట్రాము మార్క్స్‌లో పేటకు వెళుతుంది. అక్కడి మెర్కెజ్ మస్జిద్ 2008 అక్టోబరు 26న ప్రారంభమైంది. గుంబదు 23 మీటర్లు, మినారు 34 మీటర్లు. అంతకు ముందు చాలా ఏళ్ళు అదే స్థలంలో, మూతపడిన గని తాలూకు పాత క్యాంటీనులో నమాజు చేసుకునేవారు. షిఫ్టు దిగినవారు తిండి తిన్న గదిలోనే ముసల్లాలు పరిచారన్నమాట. కొత్త మస్జిద్‌ను పేటలోని ఇతరులతో ముందే మాట్లాడి, పెద్ద పెద్ద కిటికీలతో, అన్ని మతాలవారూ వచ్చి కూర్చునే సమావేశ మందిరంతో కట్టారు. జర్మనీలో చాలాచోట్ల మస్జిదుల నిర్మాణం మీద గొడవలు జరుగుతున్న కాలంలో ఇక్కడ అలాంటిది లేకపోవడాన్ని పత్రికలు మార్క్స్‌లో అద్భుతమని రాశాయి. మాకు మాత్రం అందులో అద్భుతం కనబడలేదు. ఒకే కేజీలో దిగి ఎక్కిన మనుషులు పైన ఒకరి పొడ ఒకరికి గిట్టకుండా ఉండడమే కష్టం. మేము జుహ్ర్ నమాజు ముగించుకుని వచ్చేసరికి మా మిత్రుడు ఆ మందిరంలో నలుగురు వృద్ధుల నడుమ గాజు గ్లాసులో టీ తాగుతూ ఉన్నారు. భాష రాదు. వేళ్ళతో షాఫ్టు లోతులు చెప్పుకుంటున్నారు.

పేటలో చాలా దుకాణాలు మూతపడి ఉన్నాయి, పని లేని యువకులు కనిపించారు. గని పోయిన చోట మ్యూజియం వచ్చినంత తేలికగా జీతం రాదు. ఈ సంగతి దాచడం న్యాయం కాదు.

బెల్జియంలో షార్లెరువా దగ్గరి మార్సినెల్‌కు వెళ్ళిన రోజు మేము ఎక్కవలసిన రైలు ఒకటి రద్దయి, ప్లాట్‌ఫారం మీద గంటన్నర కూర్చున్నాము. అక్కడి బువా దు కాజియె గనిలో 1956 ఆగస్టు 8 ఉదయం కేజీలోకి తోసిన బొగ్గు డబ్బా సరిగా లోపలికి పోలేదు. అంతలో కేజీ పైకి కదిలింది. బయటికి పొడుచుకు వచ్చిన డబ్బా నూనె గొట్టాన్ని, కరెంటు తీగలను తెంచివేసింది, మంట లేచింది. 262 మంది మరణించారు, పన్నెండు దేశాలవారు. వారిలో 136 మంది ఇటలీవారు. 1946లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఇటలీ మనుషులను పంపేది, బదులుగా బెల్జియం బొగ్గును అమ్మేది. ఈ ప్రమాదం తరువాత ఇటలీ తన వారిని పంపడం ఆపింది. అప్పుడు బెల్జియం చూపు ఇతర దేశాల మీద పడింది. 1964లో మొరాకోతోను, తుర్కీతోను ఒప్పందాలు చేసుకుంది. ఒక జాతి చనిపోయి ఖాళీ చేసిన చోటికి మరో జాతిని పిలిచారు.

అక్కడి గోడ మీది పేర్ల ముందు మా మిత్రుడు చెప్పులు విడిచి నిలబడ్డారు. 2003 జూన్ 16న మన గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు చొరబడి 17 మంది పోయారు. ఆ పదిహేడు మందిలో కొందరితో ఆయన షిఫ్టు చేసి ఉన్నారు. వారి పేర్లను ఆయన మెల్లగా పలికారు, మాకు వినపడేంత. మేము మా రీతిలో దుఆ చేశాము.

ఫ్రాన్సులో మేము ఉన్నది తక్కువ రోజులు. లీల్ నుండి దువే ఊరికి ప్రాంతీయ రైలు, అక్కడి నుండి బస్సులో లెవార్డ్ గని మ్యూజియం. ఫ్రెంచి గనులు మనవారికి పూర్తిగా కొత్తవి కావు. మందపు పొరల నుండి బొగ్గు తీసే బ్లాస్టింగ్ గ్యాలరీ పద్ధతి ఫ్రెంచివారి సహకారంతోనే గోదావరిఖని 10వ ఇంక్లైనుకు వచ్చింది. ఆ ప్రాంతంలో ఆఖరి గని వానీ 1990 డిసెంబరు 21న మూతపడింది. ఆఖరి వరకు దిగినవారిలో మొరాకోవారు చాలామంది. ఫెలిక్స్ మోరా అనే మాజీ సైనికాధికారి దక్షిణ మొరాకో పల్లెలు తిరిగి, మగవారిని చొక్కాలు విప్పించి వరుసలో నిలబెట్టి, పనికి వచ్చేవాని రొమ్ముపై ఆకుపచ్చ ముద్ర, రానివానికి ఎర్ర ముద్ర వేసేవాడు. దశాబ్దాల తరువాత కూడా వారు తమకు ఫ్రెంచి కార్మికులతో సమానమైన హక్కుల కోసం సమ్మెలు, కోర్టు వ్యాజ్యాలు నడపవలసి వచ్చింది.

తిరుగు ప్రయాణంలో దువేలో ఒక వృద్ధుడు మా ఎదుటి సీటులో కూర్చున్నారు. మా టోపీ చూసి సలాము చెప్పారు. ఫోనులో అనువాదంతో సంభాషణ సాగింది. వార్జాజాత్ వైపువారట; పదహారేళ్ళు బాయిలో చేశారట. ముద్ర ఏ రంగు అని మా మిత్రుడు అడిగితే, గుండె మీద అరచేయి వేసుకుని, కిటికీ బయటి పొలాల పచ్చదనాన్ని చూపించారు. తరువాత చొక్కా చేయి మడిచారు. మోచేతి కింద సన్నని నీలి గీత. గాయం మానేటప్పుడు లోపల బొగ్గు నలుసు ఉండిపోతే చర్మం కింద అలా నీలంగా నిలుస్తుంది, కడిగినా పోదు. మా మిత్రుడు తన ఎడమ చేయి మడిచి ఆయన చేతి పక్కన పెట్టారు. అలాంటిదే, కొంచెం పొడవు. ఇద్దరూ ఏదో చిన్నపిల్లల్లా కొలుచుకున్నారు.

లీల్ స్టేషనులో దిగేటప్పుడు మా మిత్రునికి ఆయాసం రావడం గమనించి ఆయన సంచీ తాను అందుకున్నారు. మెట్ల వైపు కాకుండా లిఫ్టు వైపు నడిపించారు. లిఫ్టు తలుపు మూసుకునే ముందు ఇద్దరూ అలవాటుగా పైకి చూశారు.