పొట్టలో ఉంది పట్టు!

2000 సెప్టెంబరు 19. సిడ్నీ ఒలింపిక్స్. శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130... మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం అందుకుంది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళగా చరిత్రకెక్కింది. అంత బరువు ఎత్తారంటే అందరి చూపూ చేతుల మీదికే పోతుంది. కానీ తెరవెనుక కష్టపడే వాటిలో పొట్ట కండరాలూ ఉంటాయి!

ఎలాగంటే... బరువులెత్తేటప్పుడు ఎక్కువ బలం పుట్టేది కాళ్లు, తుంటి కండరాల్లో. అది చేతులకు చేరాలంటే నడుమును దాటాలి. అక్కడ పట్టు సడలితే వెన్ను వంగుతుంది, బలం వృథా అవుతుంది. అందుకే లిఫ్టర్లు ఊపిరి పీల్చి పొట్ట బిగిస్తారు. దాంతో లోపలి ఒత్తిడి పెరిగి, గాలి నింపిన ట్యూబులా నడుము గట్టిపడుతుంది. బంతి వేసే ఫాస్ట్ బౌలర్‌కైనా, బల్లెం విసిరే అథ్లెట్‌కైనా గట్టి నడుమే ఆధారం.

ఇంట్లోనూ అంతే. నిండు గ్యాస్ బండ సుమారు 30 కిలోలు. నడుము వంచి ఒక్కసారిగా లాగితే పట్టేయొచ్చు. మోకాళ్లు వంచి, బండను ఒంటికి దగ్గరగా పట్టుకుని, పొట్ట బిగించి లేవాలి.

ఇందుకు సాధనగా ప్లాంక్ చాలా మంచిది. బోర్లా పడుకుని మోచేతులు, మునివేళ్లపై ఒంటిని కర్రలా నిలపాలి. మొదట 20 సెకన్లు చాలు. ఊపిరి బిగపట్టకూడదు. బీపీ, హెర్నియా ఉన్నవారు, గర్భిణులు ముందుగా వైద్యుల్ని అడగాలి.

అన్నట్టు, ఇలా చేస్తే పొట్ట దగ్గరి కొవ్వే కరిగిపోతుందనుకోవద్దు. నడుముకు మాత్రం కొండంత అండ!