గురువులే బయలుదేరి వెళ్లారు

2003 నాటికి ఇథియోపియా జనాభా సుమారు 7 కోట్లు. దేశం మొత్తానికి మానసిక వైద్యులు పన్నెండుమంది కూడా లేరు. ఉన్న కొద్దిమందీ విదేశాల్లో చదివి వచ్చినవాళ్లే. సొంత దేశంలో ఆ పీజీ కోర్సే లేదు.

పోనీ, డాక్టర్లను బయటికి పంపి చదివిద్దామా అంటే, ఆ దారిలో నడిచి ఘనా అప్పటికే దెబ్బతిని ఉంది. 1960-80 మధ్య గైనకాలజీ చదవడానికి అక్కడి నుంచి బ్రిటన్ వెళ్లిన 30 మందిలో తిరిగొచ్చి వైద్యం చేసింది ముగ్గురే. వెళ్లినవాళ్లను తప్పుపట్టి లాభం లేదు. ఏళ్ల తరబడి ఒక చోటి పరికరాలతో, ఒక చోటి రోగులతో చెయ్యి తిరిగిన మనిషికి ఉద్యోగమూ సంసారమూ అక్కడే కుదురుకుంటాయి.

అందుకే అడిస్ అబాబా విశ్వవిద్యాలయం 2003లో మానసిక వైద్యంలో మూడేళ్ల పీజీ తనే ప్రారంభించింది. కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయాన్ని సీట్లు అడగలేదు, వచ్చి పాఠాలు చెప్పమంది. ఏడాదికి మూడుసార్లు, ప్రతిసారీ ఇద్దరు సీనియర్ వైద్యులు, వారితో ఒక రెసిడెంట్, నెలరోజులపాటు వచ్చి బోధించేవారు. ఏ పాఠం కావాలో అడిస్ అబాబా వాళ్లే నిర్ణయించేవారు. నా దృష్టిలో ఈ ఏర్పాటుకు ప్రాణం అదే. అక్కడ చాలా కుటుంబాలు మనసు చెదిరినవాళ్లను ముందుగా చర్చిల దగ్గరి పవిత్ర జలానికి తీసుకెళ్తాయి, ఆసుపత్రి ఆ తర్వాతే. రోగి మాట్లాడేది అమ్హారిక్. ఆ భాష, ఆ నమ్మకం పీజీ విద్యార్థికి తెలుసు, టొరంటో ప్రొఫెసర్‌కు తెలియదు. రోగి మంచం దగ్గర అతిథి కూడా నేర్చుకోవలసిందే.

అలా చదివినవాళ్లలో కొందరు అక్కడే అధ్యాపకులై తర్వాతి బ్యాచ్‌లను తయారుచేశారు. 2008 నుంచి ఇదే పద్ధతి ఎమర్జెన్సీ వైద్యం వంటి ఇతర విభాగాలకూ విస్తరించింది. ఘనా కూడా 1989లో కార్నెగీ సంస్థ నిధులతో, అమెరికా, బ్రిటన్ నిపుణుల సాయంతో అక్రా, కుమాసీ నగరాల్లో గైనకాలజీ పీజీ పెట్టింది. తర్వాత లెక్క చూస్తే, అందులో చదివిన 38 మందిలో 37 మంది స్వదేశంలోనే ఉన్నారు.

కోర్సు పెట్టగానే సరిపోదు. చదివినవాళ్లకు పోస్టులుండాలి, జీతాలు సక్రమంగా అందాలి, విదేశీ గ్రాంటు ఆగిన నాడు జీతాల పద్దు స్వదేశీ బడ్జెట్‌లో ఉండాలి. ఈ భాగాన్ని ప్రభుత్వాలు తరచూ మరిచిపోతాయి.

అమెరికా, బ్రిటన్‌లలో స్థిరపడిన మన తెలుగు డాక్టర్లు సెలవులకు సొంతూరొచ్చి ఉచిత వైద్య శిబిరాలు పెడుతుంటారు. మంచి పని. వారికి ఒక మనవి. ఈసారి వచ్చినప్పుడు జిల్లాలోని ప్రభుత్వ వైద్య కళాశాలకు కూడా వెళ్లండి. తమ పీజీలకు ఏ పాఠం కొరవడిందో అక్కడి ప్రొఫెసర్లను అడిగి, అది చెప్పి వెళ్లండి. మరుసటి ఏడాది మళ్లీ రండి.