తొందరపడిన వసంతము

మనుచరిత్రలో ప్రవరుడు వెంటనే ఇల్లు చేరలేకపోవుటకు కారణము మంచు. సిద్ధుడిచ్చిన పాదలేపము హిమాలయముపై మంచునీటికి కరగిపోయినది. కథ అచ్చటనే మలుపు తిరిగినది. అది కవి కల్పన. కాని ఎత్తైన కొండలమీది మొక్కల బ్రతుకు నిజముగనే మంచు కరగు దినముపై ఆధారపడియున్నది. మన పంచాంగమున ఋతువులు ఆరు. ఆ మొక్కలకు రెండే: మంచు క్రింద నిద్రించు కాలమొకటి, మంచు తొలగిన పిమ్మట వచ్చు మూడు నాలుగు మాసములొకటి. చిగుర్చుట, పూచుట, గింజ రాల్చుట యన్నియు ఆ కొద్ది కాలములోనే ముగియవలెను.

భూతాపము పెరుగుటచే అనేక పర్వతములపై ఆ మంచు ముందుగా కరగుచున్నది. మంచిదే గదా, మొక్క పెరుగుటకు మరికొన్ని దినములు దొరకునని తోచవచ్చును. పరీక్షలో విద్యార్థి అట్లు వ్రాసినచో మార్కులు తగ్గించుటకు ఉపాధ్యాయునకు చేయి రాకపోవచ్చును. కొండ చెప్పు జవాబు మాత్రము వేరు.

ఆ జవాబును ఏండ్ల తరబడి ఓపికతో వ్రాసికొన్న చోటు అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున, రాకీ పర్వతములలోనున్న గోథిక్. వెండిగనులకై వెలసి, గనులు వట్టిపోగా జనులు విడిచిపోయిన ఊరది; సుమారు 2,900 మీటర్ల ఎత్తున నున్నది. 1928లో అచ్చట జీవశాస్త్ర పరిశోధనాలయము స్థాపింపబడినది. 1970 దశకము నుండి డేవిడ్ ఇనౌయే అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును ఏటేట అవే మడులకు పోయి పూలు లెక్కించిరి. ఆ లోయలోనే ఒంటరిగా నివసించు బిల్లీ బార్ ఎంత మంచు పడినదో, ఎన్నడు కరగినదో నోటుపుస్తకములలో వ్రాసియుంచెను. 39 ఏండ్లలో 60 జాతులకు చెందిన 20 లక్షలకు పైగా పూలు లెక్కకు వచ్చినవి. పూలకాలము మొత్తముమీద 35 దినములు పెరిగినదని 2014లో ప్రకటించిరి.

ఇంతవరకు విద్యార్థి జవాబే సరియైనట్లు కనబడును. చిక్కు ఇక ముందున్నది. పేరిన మంచు మొక్కకు కంబళి వంటిది. పైన ఎంత చలి యున్నను దాని క్రింది నేల అంతగా చల్లబడదు. కంబళి తొలగిన దినముననే మొక్క మేల్కొని మొగ్గ తొడుగును. మంచు కరగు తేదీ ముందునకు జరిగినది. నీరు గడ్డకట్టు జూన్ రాత్రులు మాత్రము అంతగా జరుగలేదు. లేత మొగ్గలు ఆ చలివాత పడుచున్నవి. పొద్దుతిరుగుడునకు చుట్టమైన ఒక పసుపుపచ్చని కొండపువ్వునందు 1992 మొదలు 1998 వరకు సగటున నూటికి 36 మొగ్గలు చలికి మాడిపోయినవి. 1999 మొదలు 2006 వరకు ఆ సంఖ్య 74కు చేరినది.

మొగ్గ మాడినను మొక్క చావదు. దశాబ్దములు బ్రతుకు మొక్క యది. అందుచేత చూచువారికి కొండ పచ్చగనే యుండును. గింజ లేదు, క్రొత్త మొలక లేదు; ముసలి మొక్కలే నిలిచియుండును. పిల్లలు లేని ఊరివలె నున్న ఈ పచ్చదనము ఎండిన కొండకంటె ఎక్కువ మోసకరమైనది, ఏలయన నష్టము పైకి కనబడదు.

మెక్సికో ప్రాంతము నుండి వేసవికి ఈ కొండలకు వచ్చు హమ్మింగ్ పక్షి కలదు. మన తేనెపిట్టను తలపించును గాని దానికి బంధువు కాదు. దక్షిణమున నున్న పక్షికి ఉత్తరమున మంచు కరగినదన్న వార్త ఎవరు చెప్పుదురు? దాని రాకకును తొలిపూలు విచ్చుటకును నడుమనున్న వ్యవధి నాలుగు దశాబ్దములలో 13 దినములు తగ్గినదని 2012లో తేలినది. ఇట్లే సాగినచో అది చేరునప్పటికే తొలిపూలలోని తేనె ముగియవచ్చును.

హిమాలయముననుగూడ ఇట్టి తొందర కనబడుచున్నది. ఉత్తరాఖండమున బురాన్స్ అను చెట్టు సాధారణముగా మార్చి, ఏప్రిల్ మాసములలో ఎర్రగా పూచును. ఆ రేకులతో అచ్చటివారు షర్బతు చేసికొందురు. ఇటీవలి కొన్ని సంవత్సరములలో జనవరిలోనే పూచిన చెట్లు కనబడినవి. మార్చి నడుమ ఫూల్ దేయి అను పండుగ వచ్చును. ఆనాడు పిల్లలు తెల్లవారుజామున బురాన్స్ మొదలగు అడవిపూలు బుట్టలలో తెచ్చి ఇంటింటి గడపమీద చల్లుదురు. ముందే పూచి రాలిన చెట్టు క్రింద ఆనాటికి వారికి దొరకునవి వాడిన రేకులే.