జాషువ గబ్బిలము - అచేతన ప్రతీక

కవి హృదయమును మనోవిశ్లేషణముచే శోధింపఁబూనువారు తఱచుగాఁ గవిని రోగినిగాఁ జేయుదురు. యూంగు 1922లో జ్యూరిచ్‌లోఁ గవిత్వమును గూర్చి ప్రసంగించుచు, కళ వ్యాధి కాదనియు, కవి జీవితము కావ్యమునకు సంపూర్ణ వ్యాఖ్యానము కానేరదనియు హెచ్చరించెను. గుఱ్ఱము జాషువ (1895-1971) విషయమున నీ హెచ్చరిక మిక్కిలి యవసరమని మా యభిప్రాయము.

వినుకొండలోఁ బుట్టిన యీ కవి తండ్రిది యాదవకులము, తల్లిది మాదిగకులము. పెరిగినది క్రైస్తవగృహమున, మనసు నిలిచినది సంస్కృతాంధ్ర కావ్యములందు. ఏ వర్గమును అతనిని బూర్తిగాఁ దనవానిఁగా నెంచలేదు. ఆడ్లరు మతానుసారులు వెంటనే ఇచట న్యూనతాభావమును, దానిఁ బూరించుకొను యత్నమును జూపుదురు. అది కొంతవఱకే నిజము. ఆడ్లరు చెప్పిన న్యూనత వ్యక్తి తన్నుఁదాను తక్కువగా భావించుకొనుట. జాషువను దక్కువగా నెంచినది ఊరు. ఆ గాయము అచేతనమున మఱుఁగుపడిన రహస్యము కాదు. పట్టపగలు పదుగురి యెదుటఁ దగిలినది.

అట్లయిన మనశ్శాస్త్రమునకు ఇచటఁ బనిలేదా? కలదు, అది ప్రతీక విషయమున. కాళిదాసుని యక్షునకు మేఘము, నలునకు హంస దూతలైరి. 1941లో వెలువడిన ‘గబ్బిలము’న అరుంధతీసుతునకు దొరకిన దూత, ఇల్లు సొచ్చిన నశుభమని జనులు తఱుముకొట్టు జీవి. పక్షులలోఁ జేరదు, మృగములలోఁ జేరదు అని లోకము తలఁచునది. ఒకే రూపమునఁ బెక్కు భావములు ముద్దకట్టుటను ఫ్రాయిడు స్వప్నములయందుఁ జూపెను. ఇచటను రెండు కులముల, రెండు మతముల నడిమి బ్రదుకు, వెలి, చీఁకటి ఒక్కటియై యున్నవి. కాని స్వప్నమునకును దీనికిని భేదము గలదు. మనుష్యునకుఁ బ్రవేశము లేని గుడిలో గబ్బిలము తలక్రిందుగా వ్రేలాడి, శివుని చెవిని విన్నపము వేయఁగలదు. ఇంతటి వ్యంగ్యము నిద్రలో దొరలినది కాదు, మేల్కొన్న బుద్ధి యెన్నుకొన్నది. యూంగు ‘ఛాయ’ యనినది ఇచటఁ గవిది కాదు. తాను జూడనొల్లని దానిని వాడ వెలుపలికిఁ ద్రోసిన సంఘముది.

సాలెపురుగు, గిజిగాఁడు ఖండికలనుగూడ నీ దృష్టితోఁ జదువవలెను. రెండును అల్లిక నెఱిఁగిన ప్రాణులు, పోషకుఁడు లేని పనివారు. మగ్గముల యూరగు మంగళగిరిలో నేఁతపనివారి బిడ్డలకు వానియందు మొదటఁ గనఁబడునది అలంకారము కాదు, పనితనము. కవి తన్నుఁగూర్చి తాను గల్పించుకొన్న రూపము నిందు వెదకుట, అతని యాత్మకథయగు ‘నా కథ’ను రోగచరిత్రగాఁ జదువుటకంటె మేలు.

శ్మశానవాటిక పద్యములను నటులు హరిశ్చంద్ర నాటకపుఁ గాటిసీనులోఁ జేర్చి యూరూరఁ బాడిరి. వినినవారిలోఁ బెక్కుమందికిఁ గర్త పేరు తెలియదు, కులము తెలియదు.