ఏ దోమ?

ఖరగ్‌పూర్‌లో బండెక్కి విజయనగరంలో దిగేలోపు ఎన్ని రకాల నీళ్లు దాటుతామో ఎవరూ లెక్కపెట్టుకోరు. మేదినీపూర్ పల్లపు పొలాల్లో చెరువులు, కుంటలు. బాలుగావ్ నుంచి రంభ దాకా కిటికీ పక్కనే చిలికా ఉప్పునీరు. విజయనగరంలో రాయపూర్ లైను పట్టుకుంటే మన్యం కొండల సెలయేళ్లు. ఈ దారంతా ఒకప్పుడు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేది, మన పెద్దల నోట బీఎన్నార్‌ది. ఈ నీళ్లలో ఎక్కడ ఏ దోమ పుడుతోందో, అందులో మనిషిని చంపేది ఏదో తేల్చడానికి ఆ కంపెనీ ఒక కీటక శాస్త్రవేత్తను పెట్టుకుంది. ఆయన పేరు రోనాల్డ్ సీనియర్-వైట్. ఖరగ్‌పూర్ తెలుగువాళ్ల చరిత్ర చెప్పేటప్పుడు వర్క్‌షాపు గురించి చెబుతాం, మథురాకాటీ, నింపురా కాలనీల గురించి చెబుతాం. ఈయన మాట మాత్రం ఎత్తం. ఎత్తాల్సిన మాట అది.

రైలు వచ్చిన చోటికి జ్వరమూ వచ్చింది. కట్ట పోయడానికి పక్కనే మట్టి తవ్వితే మిగిలిన గోతుల్లో వాన నీరు నిలిచేది. కట్టలు నీటి దారికి అడ్డం పడి జ్వరాలు పుట్టిస్తున్నాయని బెంగాల్లో 1864 నాటికే దిగంబర్ మిత్ర వాదించాడు. దోమ సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ ఒక దోమ పొట్ట కోసి అందులో మలేరియా క్రిమిని చూశాకే అసలు ముడి విడింది.

ఒక ముడి విడితే ఇంకోటి బిగిసింది. మలేరియా మోసే దోమలున్న అనాఫిలిస్ జాతిలోనే మన దేశంలో యాభై రకాలకు పైగా ఉన్నాయి. మలేరియాను గట్టిగా మోసేవి అందులో అయిదారు. గోడల మీద గుంపులుగా కనిపించే సబ్‌పిక్టస్ చాలాచోట్ల పెద్దగా హాని చేయదు. కొండవాగు అంచున గడ్డి పరకల మధ్య, తేటగా పారే నీటిలో పెరిగే ఫ్లూవియాటిలిస్ మాత్రం ఊళ్లను మంచాన పడేస్తుంది. స్టేషను వెనక బురద గుంట పూడ్చి, ముత్యంలాంటి వాగును వదిలేస్తే డబ్బు పోతుంది, జ్వరం పోదు.

కాబట్టి గుడిసెల్లో, పశువుల పాకల్లో వాలిన దోమలను పట్టాలి. ఆడదోమను ఒక్కొక్కదాన్నే మైక్రోస్కోపు కింద సూదులతో విప్పాలి. పొట్ట గోడ మీద క్రిమి బుడిపెలు ఉన్నాయా, లాలాజల గ్రంథుల్లోకి క్రిములు చేరాయా చూడాలి. గ్రంథుల్లో దొరికితేనే నేరం రుజువు. నెల నెలా, రుతువు రుతువునా చేస్తే తప్ప ఏ కాలంలో ఏ దోమ ప్రమాదమో తేలదు. ఇంత ఓపిక ఏ వీరగాథకూ తీసిపోదని నా నమ్మకం.

సీనియర్-వైట్ సింహళంలో ఒక రబ్బరు తోట దోమలను పరిశీలించి 1920లో ప్రకటించాడు. దోమ పుట్టే నీటి గుణాల మీద 1926లో పెద్ద వ్యాసం రాశాడు. జయపురం కొండల మీద అధ్యయనం 1937లో వచ్చింది. విశాఖ జిల్లాలో ఉండి 1936లో ఒడిశాకు పోయిన ప్రాంతమది. మన్యం జ్వరమంటే మైదానం కూలీలు వణికిన చోటు. రాయపూర్-విజయనగరం లైను 1931లో ఆ కొండల మీదుగానే పూర్తయింది. తర్వాత అధికారి అనే సహపరిశోధకుడితో కలిసి చిలికా ఒడ్డున, నారాయణ అనే మరొకరితో కలిసి సింగ్‌భూమ్ కొండల్లో పనిచేశాడు. చిలికాలో కథ వేరు. అక్కడ నేరస్థురాలు ఉప్పు కలిసిన నీటిలో పెరిగే సుండైకస్. ఒకే రైల్వే, ఒకే జ్వరం, దోమ మాత్రం వేరు.

1943లో విశాఖపట్నం చుట్టుపక్కల మలేరియా మీద వచ్చిన అధ్యయనంలో ఆయన పక్కన వి. వెంకటరావు పేరుంది. 1945లో ఎదిగిన దోమల తీరు మీద వచ్చిన సుదీర్ఘ వ్యాసంలో ఘోష్, వెంకటరావు ఇద్దరూ సహరచయితలుగా ఉన్నారు. పగలు దోమ ఎక్కడ వాలుతుందో తెలిస్తే మందు ఎక్కడ కొట్టాలో తెలుస్తుందన్నది అందులోని పట్టు. చామంతి జాతి పూల నుంచి తీసే పైరెత్రమ్ మందును, అప్పుడే వచ్చిన డీడీటీని ఇళ్లలో చల్లి పోల్చి చూసింది కూడా ఆ ఏడాదే. 1953లో దేశమంతా మొదలైన మలేరియా నియంత్రణ ఇంటి గోడలకు డీడీటీ కొట్టడం మీదే నిలబడింది.

ఇప్పుడు పట్టణాలను పీడించేది డెంగీ. దాన్ని మోసే ఏడిస్ పగలు కుడుతుంది, ఇంట్లో డ్రమ్ముల్లో, కూలర్లలో, పాత టైర్లలో నిలిచిన నీటిలో గుడ్లు పెడుతుంది. దానికోసం మురుగు కాలువ మీద పొగ వదిలితే ఏం లాభం? రైల్వే క్వార్టర్లలో ఇంటింటి నీళ్ల తొట్టీ చూసి, దోమ లార్వాలను గుర్తుపట్టి, వారం వారం రాసిపెట్టే మనిషి కావాలి. ఆ ఉద్యోగం ఒకప్పుడు ఒక రైల్వే కంపెనీ ఇవ్వగలిగింది. ఐఐటీ ఉన్న ఖరగ్‌పూర్‌లో, తెలుగు, బెంగాలీ, ఒడియా, హిందీ మాట్లాడే కుర్రాళ్లున్న ఊళ్లో, ఇవాళ దాన్ని ఇవ్వలేమా?