లాందా కుండ ఎక్కడ దెబ్బతింటుంది?

బస్తర్ వారపు సంతల్లో ఆదివాసీ మహిళలు అమ్మే బియ్యపు బీరు పేరు లాందా. ఆవిరి మీద ఉడికించిన బియ్యప్పిండిలో మొలకెత్తించి, ఎండబెట్టి, దంచిన మొక్కజొన్న పిండి, నీళ్లు కలిపి కుండలో పులియబెడతారు. నిల్వ ఉండే సరుకు కాదు. కుండ చెడితే ఆ వారం సంత రాబడి పోయినట్టే.

లాందా నిషా లేకుండా, చిక్కటి జావలా మిగిలిపోతే ముందు అనుమానించాల్సింది మొలకల పిండినే. బియ్యంలోని పిండిపదార్థాన్ని ఈస్ట్ నేరుగా తినలేదు. దాన్ని చక్కెరగా విడగొట్టేది మొలకల్లో పుట్టే అమైలేజ్ ఎంజైమ్. రాగి మాల్ట్ కలిపితే చిక్కటి జావ పలచబడేదీ దీనివల్లే. ఉడికిన పిండి పొగలు కక్కుతుండగానే మొలకల పిండి కలిపేస్తే ఆ వేడికి ఎంజైమ్ నశిస్తుంది. తర్వాత ఎంత చల్లార్చినా తిరిగి రాదు. కొత్త మొలకల పిండి కలిపి చూడటమే దారి.

పులుపు సంగతి వేరు. లాక్టిక్ బ్యాక్టీరియా తెచ్చే కాస్త పులుపు లాందాకు సహజం, కొందరికి అదే ఇష్టం కూడా. ముక్కుకు గుచ్చే వెనిగర్ వాసన వస్తే మాత్రం గాలి సోకి ఆల్కహాల్ ఎసిటిక్ ఆమ్లంగా మారిందన్నమాట. దానికి మందు లేదు. ఎండాకాలం ఈ మార్పు త్వరగా వస్తుంది కాబట్టి చలికాలపు రోజుల లెక్క అప్పుడు పనికిరాదు, రుచి చూసి దించాల్సిందే. మట్టికుండ గోడల్లో సూక్ష్మజీవులు దాక్కుంటాయి. వెనిగర్ పట్టిన కుండను వేడినీళ్లతో తోమి, బాగా ఎండబెట్టకుండా వాడితే తర్వాతి లాందా కూడా అలాగే విరుగుతుంది.